‘నా శరీరం నా ఇష్టం’ అనే మాట ఊపిరి ఉన్నంతవరకే

ఇంగ్లండ్‌లోని రెడింగ్ దగ్గర నుంచి ఒక సోదరి ఎనిమిది పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయవద్దన్నారు. అందులోని సంగతులు క్లుప్తంగా ఇవి.

ఆమెకు 41 ఏళ్ళు, భర్తకు 46. పుట్టిల్లు ఏలూరు, అత్తవారిది తెనాలి. పదిహేడేళ్ళుగా అక్కడే ఉంటున్నారు. గత చలికాలంలో భర్తకు పాంక్రియాస్ క్యాన్సర్ బయటపడింది. అప్పటికే లివర్‌కు పాకింది. డాక్టర్లు ఇప్పుడు నెలల లెక్కే చెబుతున్నారు.

ఆయన ఆరేళ్ళ కిందటే అమెరికాలోని ఒక క్రయోనిక్స్ సంస్థలో చేరారు. మనిషి పోయిన వెంటనే శరీరాన్ని చల్లబరిచి, మైనస్ 196 డిగ్రీల లిక్విడ్ నైట్రోజన్‌లో ఉంచి, వైద్యం పెరిగాక ఎప్పటికైనా మళ్ళీ లేపుతారేమోనన్న ఆశతో దాచే పద్ధతి అది. డబ్బు కోసం ఇన్సూరెన్స్ పాలసీ తీసుకున్నారు. చేతికి ఒక స్టీలు కడియం పెట్టుకున్నారు. ‘పోస్టుమార్టం వద్దు, వెంటనే చల్లబరచండి, ఈ నంబరుకు ఫోన్ చేయండి’ అని దాని మీద చెక్కి ఉంటుంది. వీడియో కాల్‌లో చూసిన అత్తగారు ఎవరో స్వామీజీ ఇచ్చారనుకుని, రోజూ కళ్ళకద్దుకోమని కొడుక్కి చెప్పారట.

పోయిన నెలలో సంగతి తెనాలిలో తెలిసింది. ‘నా కొడుక్కి గతులు లేకుండా చేస్తారా’ అని అత్తగారు అన్నం మానేశారు. బావగారు ఫోన్ చేసి, తాను వచ్చి తమ్ముడి శరీరాన్ని ఊరికి తీసుకువెళతానని, ఎవరు అడ్డొస్తారో చూస్తానని అరిచారు. పదిహేనేళ్ళ కూతురు తండ్రి పక్షం. తొమ్మిదేళ్ళ కొడుకు మాత్రం ‘నాన్నకు అక్కడ చలి వేయదా’ అని అడిగాడు.

‘నాకు దీని మీద నమ్మకం లేదు. ఆయన ముఖం చూసి ఆ మాట అనలేను. ఆయన సంతకం చేసిన కాంట్రాక్టు ఉంది కదా, చట్టం దాన్ని నిలబెడుతుందా? భార్యను కాబట్టి నిర్ణయం నాదేనా? అక్కడికి చేరాక ఆయనకు రక్షణ ఎవరు?’ ఇవీ ఆమె ప్రశ్నలు. ఉత్తరం చివర రెండు లైన్లు ఉన్నాయి. ‘2013లో ఇల్లు కొన్నప్పుడు ఆయన వీలునామా రాశారు. అప్పట్లో బావగారు లెస్టర్‌లో ఉండేవారు, ఆయన్నే ఎగ్జిక్యూటర్‌గా, అంటే వీలునామాను అమలుచేసే మనిషిగా, పెట్టారు. ఇది మీకు అవసరమో కాదో తెలియదు.’

*

అమ్మా, అవసరమే. అసలు ముడి ఆ రెండు లైన్లలోనే ఉంది.

ఇవాళ మీ ఇంట్లో ఉన్న కాగితాల ప్రకారం, మీ ఆయన కన్నుమూసిన క్షణం నుంచి ఆయన శరీరం విషయంలో మొదటి హక్కు మీ బావగారిది. భార్యగా మీది కాదు, మిషిగన్‌దో అరిజోనాదో ఆ సంస్థదీ కాదు. ఈ సంగతి బావగారికి తెలిసినట్టు లేదు. తెలిసి ఉంటే అంత గట్టిగా అరవాల్సిన పని ఆయనకు ఉండదు.

ఇరవై ఏళ్ళుగా ఈ దేశంలో వీలునామాలు రాయడమే నా పని. మన వాళ్ళలో నూటికి తొంభై మంది నా దగ్గరికి రెండు అపోహలతో వస్తారు. వీలునామాలో ఏం రాస్తే అది జరిగి తీరుతుందనేది ఒకటి. భార్యాభర్తల్లో ఒకరు పోతే అన్నీ రెండోవారి చేతికే వస్తాయనేది రెండోది. ఆస్తి విషయంలో ఇవి చాలావరకు చెల్లుతాయి. శరీరం దగ్గరికి వచ్చేసరికి ఇంగ్లండ్ చట్టం వేరే దారిన పోతుంది. మనిషి శవం ఎవరి ఆస్తీ కాదు. ఆస్తి కానిదాన్ని వీలునామాలో ఎవరికీ రాసివ్వడం కుదరదు. అంత్యక్రియలు ఇలా జరగాలని రాసుకోవచ్చు, కానీ అది కోరికే అవుతుంది. వీలునామాలో పేరున్న ఎగ్జిక్యూటర్‌కు శరీరాన్ని తన అధీనంలోకి తీసుకుని గౌరవంగా సాగనంపే బాధ్యత, దాంతోపాటే అధికారం ఉంటాయి. కోర్టు నుంచి ప్రొబేట్ (వీలునామాకు ఆమోదపత్రం) వచ్చేదాకా ఆగక్కర్లేదు. ప్రాణం పోగానే ఆ అధికారం మొదలవుతుంది.

ఈ సూత్రం ఎక్కడ పుట్టిందో చెబితే మీ అత్తగారికి కూడా ఆసక్తి కలుగుతుందేమో. హెన్రీ క్రుకెండెన్ అనే ఇంగ్లీషాయన తనను పూడ్చవద్దని, కట్టెలు పేర్చి దహనం చేయమని, బూడిదను ఒక వెడ్జ్‌వుడ్ కలశంలో పెట్టమని ఎలైజా విలియమ్స్ అనే స్నేహితురాలికి ఉత్తరం రాసి పెట్టాడు. తన శరీరాన్ని ఆమెకు అప్పగించమని వీలునామాకు చేర్చిన కాగితంలో కూడా రాశాడు. ఆయన పోయాక కుటుంబం అదేమీ వినకుండా లండన్‌లోని బ్రాంప్టన్ శ్మశానంలో పూడ్చేసింది. ఆమె ఊరుకోలేదు. వేరేచోట పూడుస్తానని చెప్పి ప్రభుత్వం దగ్గర లైసెన్సు తీసుకుని, శవాన్ని వెలికితీయించి, ఇటలీలోని మిలాన్‌కు పంపి అక్కడ దహనం చేయించింది. తర్వాత ఖర్చులు ఇప్పించమని ఎగ్జిక్యూటర్ల మీద దావా వేసి ఓడిపోయింది. విలియమ్స్ కేసు, 1882. శవం ఆస్తి కాదు, దాని గురించి చనిపోయినవాడి ఆజ్ఞ ఎవరినీ కట్టిపడేయదు అని ఆ తీర్పు చెప్పింది. దహనం కోరుకున్న మనిషి ఓడిపోయిన కేసు ఇవాళ మీ ఆయన ఫ్రీజింగ్ కోరికకు అడ్డం నిలబడుతోంది. రెండేళ్ళ తర్వాత, 1884లో, వేల్స్‌లోని విలియం ప్రైస్ అనే వైద్యుడు తన పసిబిడ్డను కొండ మీద దహనం చేయబోతే పోలీసు కేసు పెట్టారు. దహనం దానంతట అది నేరం కాదని జడ్జి తేల్చాల్సి వచ్చింది. దహనాలకంటూ ఒక చట్టం 1902లో గానీ రాలేదు. మనకు అనాదిగా వస్తున్న ఆచారం ఈ దేశం దృష్టిలో అప్పుడు క్రయోనిక్స్ అంత వింత!

ఇక కాంట్రాక్టు సంగతి. మీ ఆయనకూ ఆ సంస్థకూ మధ్య డబ్బు లావాదేవీ వరకు దానికి విలువ ఉంది. ఇన్సూరెన్స్ సొమ్ము ఆ సంస్థ పేరున గానీ ట్రస్టులో గానీ రాసి ఉంటే అది ఆస్తిలో కలవకుండా నేరుగా వెళుతుంది. ఆ కాగితం పట్టుకుని ఇంగ్లండ్ హాస్పిటల్ మార్చురీకి వచ్చి ‘ఈయన్ని మాకు ఇవ్వండి’ అనే హక్కు మాత్రం సంస్థకు లేదు. అమెరికాలో పద్ధతి వేరు. అక్కడ శరీరదానం చట్టం కింద ముందే సంస్థకు రాసిచ్చే వీలుంది. అయోవా రాష్ట్రంలో ఒక పెద్దాయన ఆల్కార్ అనే సంస్థతో ఒప్పందం చేసుకుని పోతే, తోబుట్టువులు పూడ్చిపెట్టేశారు. 2010లో అక్కడి అప్పీలు కోర్టు ఆ సంస్థ పక్షాన తీర్పిచ్చింది, పూడ్చిన శవాన్ని తవ్వి తీయడానికి తోబుట్టువులు ఒప్పుకోవాలంది. మీ ఆయన నెట్‌లో ఇలాంటివి చదివి ధైర్యంగా ఉండి ఉంటారు. థేమ్స్ నది పక్కన ఆ ధైర్యం పనికిరాదు.

మీరు మరో కాగితం గురించి కూడా రాశారు, వైద్య నిర్ణయాలకు మీకిచ్చిన లాస్టింగ్ పవర్ ఆఫ్ అటార్నీ. అది ఆయన ప్రాణంతో ఉన్నంతవరకే. ఆ తర్వాత అది చిత్తుకాగితం.

‘అక్కడికి చేరాక రక్షణ ఎవరు’ అన్నారు. క్రయోనిక్స్ సంస్థలు ట్యాంకులో ఉన్నవారిని ‘పేషెంట్లు’ అంటాయి. మీ ఆయన కూడా మీతో ఆ మాటే వాడుతున్నారని రాశారు. చట్టానికి ఆ మాట తెలియదు. డాక్టర్ మరణాన్ని ధ్రువీకరించి రిజిస్ట్రార్ రాసుకున్నాక ఆయన మృతుడే. పేషెంటుకు ఉండే హక్కుల్లో ఒక్కటీ ఆయనకు ఉండదు, ఆయన తరఫున నిలబడే అధికారీ ఉండడు. ఈ దేశంలో క్రయోనిక్స్‌కు లైసెన్సులు ఇచ్చి తనిఖీ చేసే సంస్థ లేదు. అవయవాలు, కణజాలం చూసే హ్యూమన్ టిష్యూ అథారిటీ ఉంది కదా అంటారేమో. 2004 నాటి హ్యూమన్ టిష్యూ చట్టం కొన్ని పనుల జాబితా వేసి, వాటికే అనుమతి, లైసెన్సు కావాలంటుంది. అవయవమార్పిడి, పరిశోధన, శరీరశాస్త్ర బోధన, ప్రదర్శన, ఇలాంటివి. మళ్ళీ బతుకుతాడన్న ఆశతో దాచిపెట్టడం ఆ జాబితాలో లేదు. అది రాసినవాళ్ళకు తట్టి ఉండదు.

ఇందులో ఒక విచిత్రం చూడండి. బ్రిస్టల్‌లో క్యాన్సర్ చికిత్సకు వెళ్ళిన ఆరుగురు మగవాళ్ళు ముందుజాగ్రత్తగా తమ వీర్యాన్ని హాస్పిటల్‌లో దాచుకున్నారు. 2003లో ట్యాంకులో నైట్రోజన్ తగ్గిపోయి అది పాడైంది. దావా వేస్తే, ఆ వీర్యం వాళ్ళ ఆస్తే, హాస్పిటల్ జవాబు చెప్పాల్సిందే అని 2009లో అప్పీలు కోర్టు అంది. అండాలు, వీర్యం, పిండాలు దాచడానికి ప్రత్యేక చట్టం, ప్రత్యేక అథారిటీ ఉన్నాయి. పదేళ్ళకోసారి సమ్మతి రెన్యూ చేసుకుంటూ 55 ఏళ్ళ దాకా ఉంచుకోవచ్చు. అంటే అదే నైట్రోజన్‌లో బతికున్న మనిషి తాలూకు ఒక చుక్కకు యజమాని, తనిఖీ, గడువు అన్నీ ఉన్నాయి. మొత్తం మనిషికి ఏదీ లేదు. భద్రపరచడానికి వాడిన పనితనం వల్ల శవం ఆస్తిగా మారుతుందని వాదించే లాయర్లు దొరకవచ్చు. శవభాగాల మీద అలాంటి తీర్పులు ఉన్నాయి కూడా. దాన్ని నమ్ముకుని మాత్రం ఇల్లు దిద్దుకోకండి.

మీ కేసుకు దగ్గరగా వచ్చే తీర్పు ఒకటుంది, 2016 అక్టోబరు నాటిది. పద్నాలుగేళ్ళ అమ్మాయి, అరుదైన క్యాన్సర్. తల్లిదండ్రులు విడిపోయారు, తండ్రిని చూసి ఏళ్ళయింది. తనను పూడ్చవద్దని, క్రయోనిక్స్ కావాలని ఆ పిల్ల జడ్జికి ఉత్తరం రాసింది. తల్లి ఒప్పుకుంది. తండ్రి మొదట వద్దన్నాడు. రెండు వందల ఏళ్ళ తర్వాత నిజంగానే లేచినా, తెలిసినవాళ్ళు ఒక్కరూ లేని అమెరికాలో పద్నాలుగేళ్ళ పిల్ల ఒంటరిగా ఏమైపోతుందని అతని భయం. ఆ మాట చదివినప్పుడల్లా నాకు గుండె కలుక్కుమంటుంది. నమ్మకం లేని తండ్రికి అది నిజమైపోతుందేమోనని దిగులు!

జస్టిస్ పీటర్ జాక్సన్ హాస్పిటల్‌కు వెళ్ళి ఆ పిల్లను చూసి వచ్చారు. తీర్పులో ఆయన జాగ్రత్తగా గీత గీశారు. క్రయోనిక్స్ మంచిదా చెడ్డదా అన్నది తన ముందున్న ప్రశ్న కాదన్నారు. చనిపోయినవారి కోరికను పట్టించుకోవాలి గానీ అదొక్కటే తీర్పును నిర్ణయించదన్నారు. పద్దెనిమిది నిండని పిల్లకు వీలునామా రాసే వీలు లేదు. అందుకని ఏర్పాట్లు తల్లే చూసుకోవచ్చని, పిల్ల పోయాక ఆస్తి వ్యవహారాలకు తల్లి ఒక్కతే అడ్మినిస్ట్రేటర్ అని, తండ్రి అడ్డుపడకూడదని ముందే ఆర్డర్ ఇచ్చారు. ఆ మాట విని అమ్మాయి పదకొండు రోజులకు కన్నుమూసింది. శరీరాన్ని అమెరికా పంపారు. ఖర్చు దాదాపు 37,000 పౌండ్లు. చూశారా, ఫ్రీజ్ చేయమని కోర్టు ఎవరినీ ఆదేశించలేదు. నిర్ణయించే మనిషి ఎవరో తేల్చింది. ఇంగ్లండ్ చట్టంలో మీ ఆయనకు దొరికే రక్షణ అదొక్కటే, అది బతికి ఉన్న ఒక మనిషి రూపంలో ఉంటుంది.

ఆ మనిషి ఎవరు కావాలి? మీ ముందున్న దారులు ఇవి.

ఏమీ మార్చకుండా వదిలేస్తే బావగారు ఎగ్జిక్యూటర్‌గా ఉంటారు. ఆయన తెనాలి తీసుకువెళ్ళవచ్చు, ఇక్కడే దహనం చేయించవచ్చు. తమ్ముడి కోరిక కాగితం మీద ఉన్నా దాన్ని పక్కన పెట్టే వీలు ఆయనకుంది. మీరు హైకోర్టుకు వెళ్ళి, ప్రత్యేక పరిస్థితులున్నాయి కాబట్టి ఆయన్ని తప్పించి నన్ను పెట్టండని 1981 నాటి సీనియర్ కోర్ట్స్ చట్టం 116వ సెక్షన్ కింద అడగవచ్చు. గెలిచినా లాభం తక్కువ. క్రయోనిక్స్‌లో గంటల లెక్క ఉంటుంది, కోర్టులో వారాల లెక్క. ఈలోగా శరీరం మార్చురీలో ఉంటుంది. బ్యారిస్టర్ ఫీజు మీ అమ్మాయి చదువుకు దాచినదాన్ని తినేస్తుంది. ఈ దారి మీకు ఒక్క రకంగా సుఖం. నిర్ణయం మీ చేతిలో లేదని చెప్పుకోవచ్చు. కానీ ఆయన ఇప్పుడు మిమ్మల్ని నమ్మి నిశ్చింతగా ఉన్నారు. చూస్తూ చూస్తూ ఊరుకోవడం కూడా ఒక నిర్ణయమేనని మీకు నేను చెప్పక్కర్లేదు.

ఆయన కొత్త వీలునామా రాసి మిమ్మల్ని ఎగ్జిక్యూటర్‌గా పెట్టవచ్చు. చాలామంది సొలిసిటర్లు (ఇక్కడ ఇలాంటి కాగితాలు చూసే లాయర్లు) చెప్పేది ఇదే. అయితే ఒక్కటి గుర్తుంచుకోండి. బావగారికి ‘కాదు’ అనే అధికారం ఎలా ఉందో, రేపు మీకూ అలాగే ఉంటుంది. ఆయన పోయిన రాత్రి తెనాలి నుంచి అత్తగారు ఏడుస్తూ ఫోన్ చేసినప్పుడు మీరు మనసు మార్చుకుంటే చట్టం మిమ్మల్ని తప్పుపట్టదు. ఆయన నమ్మకమంతా మీ ఒక్క మాట మీద ఉంటుంది. మీకే నమ్మకం లేని పనికి ఆ మాట ఇవ్వగలరా? చాలామంది ఇవ్వగలరు. మొగుడి కోసం ఇష్టంలేని ఊళ్ళో కాపురం చేసినవాళ్ళం మనం. నమ్మకం లేకపోయినా ఆయన కోరిక కాబట్టి చేశాను అని తర్వాత పదేళ్ళు చెప్పుకోగలిగితే ఈ దారి మంచిదే.

అలా ఇవ్వలేనని అనిపిస్తే, ఆయన ఇంకొకరిని పెట్టుకోవచ్చు. క్రయోనిక్స్ మీద ఆయనతో సమానంగా ఆసక్తి ఉన్న మిత్రుడెవరైనా, లేదంటే ఫీజు తీసుకుని ఈ పని చేసే సొలిసిటర్. మీ గుండె మీద బరువు తగ్గుతుంది. బయటి మనిషి మీద అత్తగారి కన్నీళ్ళు అంతగా పనిచేయవు. కష్టమేమిటంటే, భర్త పోయిన గంటలో ఎవరో మూడో మనిషి ఇంట్లో నిలబడి మీకు పనులు పురమాయిస్తారు. మీరు ఆ గదిలో అతిథి అయిపోతారు. కొందరు దీన్ని తట్టుకోలేక తర్వాత చాలా బాధపడ్డారు.

నాలుగోది అన్నిటికన్నా కష్టం. ఆయనకు నిజం చెప్పడం. ‘నాకు నమ్మకం లేదు, మీ అమ్మగారి బాధ నన్ను తినేస్తోంది, మీరు పోయాక నేను గట్టిగా నిలబడగలనో లేదో తెలియదు’ అని. జబ్బు మనిషికి టెన్షన్ ఎందుకు పెట్టాలనుకుంటున్నారు. అర్థం చేసుకోగలను. కానీ ఆయనకు ఇంకా వీలునామా మార్చుకునే తెలివి, సమయం రెండూ ఉన్నాయి. మందుల మత్తు పెరిగాక రాసిన వీలునామాను బావగారు కోర్టులో సులువుగా ప్రశ్నించవచ్చు. మీ సందేహం వినే హక్కు ఆయనకు ఇప్పుడే ఉంది. విన్నాక ఆయన మనసు మార్చుకోవచ్చు, వేరేవారిని పెట్టుకోవచ్చు, లేదా మీ దగ్గరే మాట తీసుకోవచ్చు. నన్నడిగితే మిగతా మూడింట్లో ఏది ఎంచుకున్నా దీని మీదుగా వెళ్ళి ఎంచుకోమంటాను. ఇది నా అభిప్రాయం, చట్టం చెప్పేది కాదు.

ఏర్పాట్లు చేయాలనే తేలితే, ఈ వారమే కదలాల్సిన పనులు కొన్ని. ఆయన్ని చూసే పాలియేటివ్ (బాధ తగ్గించే వైద్యం) టీమ్‌కు, జీపీకి అంటే మీ ఫ్యామిలీ డాక్టర్‌కు, ఆఖర్న హాస్పిస్‌లో (చివరి రోజుల్లో చూసుకునే చోట) చేరేట్టయితే వాళ్ళకు ఇప్పుడే చెప్పండి. వాళ్ళు సహకరించాలనే నియమం లేదు, కానీ ముందే తెలిస్తే ఎక్కువమంది అడ్డుచెప్పరు. 2024 సెప్టెంబరు నుంచి, కరోనర్‌కు (అసహజ మరణాలను విచారించే అధికారికి) వెళ్ళని ప్రతి మరణాన్నీ మెడికల్ ఎగ్జామినర్, అంటే మరణ కారణాన్ని సరిచూసే డాక్టర్, చూడాలి. ఆ ఆఫీసు వారాంతంలో ఎలా పనిచేస్తుందో కనుక్కోండి. కారణం తెలిసిన క్యాన్సర్ మరణం మామూలుగా కరోనర్ దాకా పోదు. కిందపడి తలకు దెబ్బ తగలడమో, మందుల మోతాదులో తేడానో జరిగితే పోవచ్చు. అప్పుడు శరీరం కరోనర్ అధీనంలో ఉంటుంది, పోస్టుమార్టం చేయించే అధికారం ఆయనకుంది. చేతి కడియం మీద ఏం చెక్కి ఉన్నా దాన్ని ఆపలేదు. శరీరాన్ని దేశం దాటించాలంటే కరోనర్‌కు నోటీసు ఇవ్వాలి, మామూలుగా నాలుగు రోజులు ఆగాలి, ఆయన ముందే సరేనంటే ఆగక్కర్లేదు. ఈ ఫారం మన వాళ్ళకు కొత్త కాదు. ఇక్కడి నుంచి ఊరికి మనిషిని పంపిన తెలుగు సంఘాల వాళ్ళను అడగండి, ఎవరికి ఫోన్ చేయాలో నిద్రలో లేపినా చెబుతారు. వాళ్ళు ఎంబామింగ్ (శరీరం పాడవకుండా మందులు ఎక్కించడం) చేయించమంటారు, క్రయోనిక్స్‌వాళ్ళు వద్దంటారు. అంతవరకే తేడా.

ఒక హెచ్చరిక. మంచి స్థితిలో ఉండగానే వెళ్ళిపోతే బాగా భద్రపరచవచ్చని ఆయన అన్నట్టు రాశారు. చికిత్స వద్దనుకునే హక్కు ఆయనకు ఉంది. త్వరగా పోవడానికి మీరు సాయపడితే మాత్రం అది 1961 నాటి సూయిసైడ్ చట్టం కింద నేరం, 14 ఏళ్ళ వరకు జైలు. ఆ సంభాషణ మీరు పొడిగించకండి.

ఇంకొకటి, 2016 కేసు నుంచే. అమ్మాయి పోయాక హాస్పిటల్ వాళ్ళు జడ్జికి రాశారు. ఆఖరి రోజున తల్లి ఏర్పాట్ల హడావుడిలో పడి బిడ్డ దగ్గర పూర్తిగా ఉండలేకపోయిందట. వచ్చిన వాలంటీర్ల దగ్గర సరైన సామగ్రి లేదు, పద్ధతీ లేదట. ఈ దేశంలో ఇది జరగాలంటే సరైన నియంత్రణ ఉండాలని జడ్జి అన్నారు. ఇంతవరకు అలాంటి చట్టం రాలేదు. మీరు చేయగలిగింది ఒక్కటి. ఆ రోజు ఫోన్ మీ చేతిలో ఉండకూడదు. ఐసు సంచులు ఎప్పుడు వస్తాయి, వ్యాన్ ఎక్కడ ఆగుతుంది, సంతకం ఎవరిది, ఇదంతా చూసే మనిషిని ఇప్పుడే అనుకోండి. మీరు ఆయన చెయ్యి పట్టుకుని కూర్చోండి.

అమెరికా చేరాక ఇంగ్లండ్ చట్టం అక్కడికి రాదు. సంస్థ ఎంత నిలకడైనదైతే ఆయన అంత క్షేమం. కాలిఫోర్నియాలోని చాట్స్‌వర్త్ శ్మశానంలో భూమి కింది గదిలో పెట్టిన శరీరాలు నిర్వాహకుల దగ్గర డబ్బు అయిపోయి కరిగి కుళ్ళిపోయాయి. 1979లో బయటపడి, కోర్టుకెక్కింది. ఫ్రాన్స్‌లో ఒక డాక్టర్ తన ఇంటి కింద భార్యను ఫ్రీజర్‌లో పెట్టాడు, తర్వాత కొడుకు ఆయన్నీ అలాగే పెట్టాడు. 2006లో ఫ్రీజర్ చెడిపోయింది, ఇద్దరినీ దహనం చేయాల్సి వచ్చింది. మరోవైపు 1967 జనవరిలో మొదటిసారి భద్రపరిచిన జేమ్స్ బెడ్‌ఫోర్డ్ చేతులు మారుతూ ఆల్కార్‌కు చేరి ఇప్పటికీ అలాగే ఉన్నారు. మీ ఆయన సంస్థ ఏటా నిర్వహణకు డబ్బు ఎక్కడ నుంచి తెస్తుంది, మూతపడితే పేషెంట్లను ఎవరికి అప్పగిస్తుంది, ఈ రెండూ కాంట్రాక్టులో వెతకండి. ఎంత డబ్బు వెనకేసినా ఇంగ్లండ్‌లో ఆయన పేరున ‘మళ్ళీ లేచే వరకు’ అని ట్రస్టు పెట్టడం తేలిక కాదు. చనిపోయినవాడు లబ్ధిదారు కాలేడు, మామూలు ట్రస్టులకు 125 ఏళ్ళ గరిష్ఠ గడువు ఉంది. ఇల్లు, పెన్షన్ మీకూ పిల్లలకూ మిగలాలి. క్రయోనిక్స్ ఇన్సూరెన్స్ దాటి ఒక్క పౌండు కూడా లాగకుండా చూసుకోండి.

తెనాలి సంగతి చివరికి వదిలేశాననుకోకండి. అత్తగారు మూర్ఖంగా లేరు. కొడుకు ప్రేతంగా మిగిలిపోతాడని భయపడుతున్నారు, అంతే. శరీరం దొరకనివారికి, ఆకులతో దర్భలతో బొమ్మ చేసి దహన సంస్కారం జరిపే విధి మన శాస్త్రాల్లో ఉంది. ఇక్కడ అది వర్తిస్తుందో లేదో వాళ్ళ పురోహితుడు చెప్పాలి, మీరూ నేనూ కాదు. ఆయన్నే అడిగించండి. శరీరం ఎక్కడున్నా తలకొరివి పెట్టడానికి, పదకొండో రోజుకు మనవడిని పంపడానికి మీరు సిద్ధమేనని మాట ఇవ్వగలిగితే, గొడవలో సగం తగ్గుతుంది. తల ఒక్కటే భద్రపరిచే పద్ధతి కూడా ఉంది. అది మాత్రం అత్తగారి చెవిన వేయకండి.

బావగారికి ఫోన్ మీరు చేయవద్దు. తమ్ముడే చేయాలి. ‘అన్నయ్యా, నిన్ను ఎగ్జిక్యూటర్‌గా తీసేస్తున్నాను, ఎందుకో విను’ అని ఆయన నోటితో చెప్పాక, రేపు మిమ్మల్ని అనడానికి బావగారికి మాట మిగలదు. ఆ ఫోన్ రికార్డు చేయకండి, పక్కన కూర్చుంటే చాలు.

బాబుకు ‘చలి వేయదు, నాన్నకు నొప్పి కూడా తెలియదు, నాన్న చనిపోతాడు’ అనే చెప్పండి. ‘నిద్రపోతాడు’ అనవద్దు. ఆ మాట అంటే రాత్రిళ్ళు పడుకోడు. అమ్మాయి విషయంలో ఇంకో రకంగా జాగ్రత్త. నాన్న తిరిగి వస్తాడని ఆమె ఎదురుచూపులకు అలవాటు పడకుండా, హాస్పిస్‌లో పిల్లలతో మాట్లాడే కౌన్సిలర్లు ఉంటారు, వాళ్ళను కలపండి.

నా సమాధానం మీ కాగితాలు చూడకుండా రాసింది. సొలిసిటర్‌ను కలిసినప్పుడు పాలసీ, కాంట్రాక్టు, 2013 వీలునామా మూడూ పట్టుకెళ్ళండి. ఆయన నడవలేకపోతే సొలిసిటర్ ఇంటికే వస్తారు. కొత్త వీలునామా మీద ఆయన సంతకం చేసేటప్పుడు ఇద్దరు సాక్షులు ఒకేసారి గదిలో ఉండాలి. మీరు సాక్షి సంతకం పెట్టకూడదు, పెడితే మీకు రాసిన ఆస్తి మీకు రాదు. సాక్షులుగా అటుపక్క ఇంటి పొరుగువాళ్ళను, ఇటుపక్క ఇంటి పొరుగువాళ్ళను ఒక పది నిమిషాలు టీకి పిలవండి.